వాగు దాటించినందుకు మెప్పు, ఆస్పత్రికి మళ్లించినందుకు ఉద్వాసన

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండల వైపు నుంచి వచ్చి బొగ్గేరులో కలిసే వాగుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వాన రెండు రోజులు విడవకుండా పట్టుకుంటే మాత్రం అవే వాగులు చప్టాల మీదుగా పొంగి మెట్ట ఊళ్లను రోడ్డు నుంచి విడగొడతాయి. మా ఊరికీ ఆత్మకూరు రోడ్డుకూ మధ్య అలాంటి చప్టా ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఆ చప్టాకు ఇవతల గొడుగులు పట్టుకొని మేము, అవతల మా పిల్లలున్న పసుపు రంగు బస్సు నిలబడి ఉన్నాం. అంచుల వెంట సున్నం కొట్టిన గుర్తు రాళ్ల తలలు మాత్రమే నీటిపైన కనిపిస్తున్నాయి. డ్రైవరు దిగి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, నీళ్లలో సగం దూరం నడిచి చూసి, వెనక్కి వెళ్లి, మొదటి గేరులో బస్సును మెల్లగా ఇవతలికి తెచ్చాడు. లోపల పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఇంకో డ్రైవరైతే ఆడనే వదిలేసి పోయుండేవాడు అబ్బయా" అని ఒక పెద్దాయన అతని భుజం తట్టాడు. మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మరుసటి సంవత్సరం అదే డ్రైవరు ఉదయం ట్రిప్పులో వస్తుండగా నాలుగో తరగతి పాపకు ఫిట్స్ వచ్చింది. ఆ రోజు బస్సులో ఆయా లేదు. వెనక సీట్లోని పెద్ద పిల్లలు కేకలు వేస్తే అతడు బండి పక్కకు తీసి, పాపను ఇంజను పక్కనున్న పొడవాటి సీటు మీద పడుకోబెట్టి, రూటు వదిలి, మిగతా పిల్లలందరితో సహా బస్సును ఆస్పత్రి వైపు మళ్లించాడు. చేరిన తర్వాతే బడికి ఫోను చేశాడు: "సార్, పాప కళ్లు తేలేసింది, ఇంకేం జెయ్యాలో తోచలేదు." పాప కోలుకుంది. బస్సు ముప్పావుగంట ఆలస్యంగా బడికి చేరింది. ఆలోపు కొందరు తల్లిదండ్రులు కంగారుపడి ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అనుమతి లేకుండా రూటు మార్చినందుకు అతణ్ని ఆ సాయంత్రమే "రేపట్నుంచి రావద్దు" అని పంపించేశారు. చేతికి కాగితం ఏమీ ఇవ్వలేదు.

రెండు సందర్భాల్లోనూ అతడు నిబంధన మీరాడు, రెండు సందర్భాల్లోనూ అతని ఉద్దేశం మంచిదే. మొదటిదానికి మెప్పు దక్కింది, రెండోదానికి ఉద్యోగం పోయింది. నా లెక్కలో పెద్ద తప్పు మొదటిదే. మంచి మనసుతో నిబంధన దాటిన డ్రైవరును తీసేయవచ్చా అన్న ప్రశ్న మన ఊళ్లలో తరచుగా వస్తుంది, కానీ వచ్చిన ప్రతిసారీ దాన్ని "పాపం, మంచివాడు" అని ఒక వర్గం, "రూలంటే రూలే" అని మరో వర్గం చెరోవైపు లాగి వదిలేస్తారు. చట్టం మాత్రం ఈ రెండింటికీ మధ్యన, కాస్త చిక్కైన దారిలో నడుస్తుంది.

ముందుగా ఉద్దేశం సంగతి చూద్దాం. పొంగుతున్న చప్టా మీదికి బస్సును దించిన మనిషికి పిల్లల మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. చీకటి పడేలోపు వాళ్లను ఇళ్లకు చేర్చాలన్నదే అతని తపన. కానీ అడుగు లోతున పారే నీరు చిన్న కారును, రెండడుగుల లోతున పారే నీరు చాలా రకాల వాహనాలను తేల్చి పక్కకు నెట్టగలదని వరద జాగ్రత్తల్లో చెబుతారు. లోతు ఒక్కటే కాదు, కింద చప్టా పలక ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారికే గండి పడింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఇంజనీర్లు కట్టిన రహదారి గతే అదైతే, పంచాయతీ నిధులతో పోసిన సిమెంటు పలక మీద పిల్లల ప్రాణాలను పందెం కాయడానికి ఏ సదుద్దేశమూ సరిపోదు. ఆ రోజు ఆ ప్రమాదాన్ని మోసింది డ్రైవరు ఒక్కడే కాదు. వద్దనే వయసు గాని, దిగిపోయే వీలు గాని లేని పిల్లలందరూ మోశారు. ఏమీ జరగలేదు కాబట్టి మేము అతణ్ని మెచ్చుకున్నాం. ఒక్క చక్రం జారి ఉంటే మేమే అతని మీద కేసు పెట్టమని స్టేషను ముందు కూర్చునేవాళ్లం.

ఆస్పత్రి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం, 1988లో పర్మిట్ లేకుండా గాని, పర్మిట్ షరతులకు విరుద్ధంగా గాని వాహనం నడిపితే శిక్ష విధించే 192ఏ సెక్షను ఉంది. అదే సెక్షనులో, జబ్బుపడినవారినో గాయపడినవారినో అత్యవసరంగా తరలించడానికి వాహనాన్ని వాడితే ఈ శిక్ష వర్తించదని, అయితే అలా వాడినవారు ఏడు రోజుల లోపల ప్రాంతీయ రవాణా అధికార సంస్థకు ఆ సంగతి తెలియజేయాలని రాసి ఉంది. ఈ చిన్న మినహాయింపు రాసినవారి లోకజ్ఞానం నాకు నచ్చుతుంది. ఆపదలో నిబంధన దాటవలసి వస్తుందని వారు ముందే ఊహించారు, దాటినవాణ్ని దోషిగా చూడలేదు, కానీ దాటిన సంగతిని దాచకుండా వచ్చి చెప్పమన్నారు. బడి యాజమాన్యం ఈ సెక్షనుకు కట్టుబడి డ్రైవరును ఉంచుకోవాలని నేను అనడం లేదు, అది నేరానికి సంబంధించిన నియమం, ఉద్యోగానికి సంబంధించినది కాదు. అయినా క్షమించదగిన ఉల్లంఘన ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద మన చట్టాల్లో నాకు కనిపించలేదు. ఆపద నిజమైనదేనా, దాటింది అవసరమైనంత మేరకేనా, వెంటనే చెప్పాడా అన్నవే చూడవలసినవి.

ఈ కొలబద్దతో చూసినా మా డ్రైవరు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైనదని చెప్పలేను. ఫిట్స్ చాలావరకు కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతాయి. పాపను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూసుకుంటూ, ఐదు నిమిషాలు దాటితే అత్యవసర స్థితిగా భావించాలని వైద్యులు చెబుతారు. ఈ రాష్ట్రంలో 2005 నుంచి 108 అంబులెన్సు ఉంది. బస్సును నీడలో ఆపి, 108కి ఒక ఫోను, బడికి ఒక ఫోను చేసి ఉంటే మిగతా పిల్లలు రూటు వదిలి తిరగవలసిన పని లేకపోయేది, పాపకు దారిలోనే వైద్యం అందేది. మరోవైపు మెట్ట ఊళ్లలో అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో అక్కడి వాళ్లకు తెలుసు. బస్సులో ఇంకో పెద్ద మనిషి లేనప్పుడు పాపను చూసుకుంటూ ఫోన్లు చేయడం ఒక్కడి వల్ల అయ్యే పనీ కాదు. అతడు చేసిన తప్పేదైనా ఉంటే అది బయలుదేరేటప్పుడే ఆఫీసుకు చెప్పకపోవడం. దానికి ఒక మెమో సరిపోతుంది.

ఆయా ఎందుకు లేదన్న ప్రశ్నను ఆ రోజు ఎవరూ అడగలేదు. విద్యాసంస్థల బస్సులకు రాష్ట్ర మోటారు వాహనాల నిబంధనల్లో ప్రత్యేక షరతులున్నాయి: డ్రైవరుకు పెద్ద వాహనాలు నడిపిన ఐదేళ్ల అనుభవం ఉండాలి, వయసు అరవై దాటకూడదు, బస్సులో సహాయకులు ఉండాలి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ఢిల్లీ రోడ్ల విషయంలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లోనూ ఇలాంటి షరతులే ఉన్నాయి. ఏటా మే 15తో బడి బస్సుల ఎఫ్‌సీ (బండి నడపడానికి తగిన స్థితిలో ఉందని రవాణా శాఖ ఇచ్చే ధ్రువపత్రం) గడువు ముగుస్తుంది కాబట్టి, జూన్‌లో బడులు తెరిచే ముందు రవాణా కార్యాలయం ముందు పసుపు బస్సుల వరస కడుతుంది, ఆ వారం పెట్టెలో దూదీ టింక్చరూ కొత్తగా మెరుస్తుంటాయి. దసరా సెలవుల నాటికి ఆ పెట్టెలో డ్రైవరు అన్నం గిన్నె ఉంటుంది. రెండో మనిషిని చట్టం ఊరికే అడగలేదు. కాపలా లేని రైల్వే గేటు దగ్గర డ్రైవరు బండి ఆపి, సహాయకుణ్నో మరొకరినో దింపి, రైలు రావడం లేదని చూసుకున్నాకే దాటాలని మోటారు వాహనాల చట్టంలోని 131వ సెక్షను చెబుతుంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో అలాంటి గేటు దగ్గరే బడి బస్సును రైలు ఢీకొని చిన్నపిల్లలు చనిపోయారు. బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్లు 2019 నాటికి పోయాయి గాని, డ్రైవరు రెండు కళ్లూ రోడ్డు మీద ఉన్నప్పుడు పిల్లలను చూడడానికి ఇంకో రెండు కళ్లు కావలసిన అవసరం పోలేదు. ఆయా జీతం మిగుల్చుకున్న యాజమాన్యం, ఆయా లేనందువల్ల తలెత్తిన పరిస్థితికి డ్రైవరును శిక్షించడం న్యాయంగా తోచదు.

అలాగని యాజమాన్యాల వైపు వాదన లేకపోలేదు. డ్రైవరు ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, తాను వద్దన్న పద్ధతిలో చేసినా సరే, నష్టపరిహారం దగ్గరికి వచ్చేసరికి యజమానే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. దీనికి నేను తరచుగా చెప్పే ఉదాహరణ "ఇంకొక్క పిల్లాడే కదా" అన్నది. దారిలో వేరే బడి పిల్లలో, కూలికి పోయే ఆడవాళ్లో చెయ్యెత్తితే ఎక్కించుకునే డ్రైవర్లు మనకు కొత్త కాదు, అది మనవైపు మర్యాద కూడా. కానీ అనుమతించిన సంఖ్య కంటే ఎక్కువమందిని ఎక్కిస్తే అదనపు ప్రయాణికుడికి 200 రూపాయల చొప్పున జరిమానాతో పాటు, వాళ్లను దించి వేరే ఏర్పాటు చేసేదాకా బండిని కదలనివ్వకూడదని ఆ చట్టంలోనే 194ఏ సెక్షను చెబుతుంది. అసలు దెబ్బ అది కాదు. 42 మందికి బీమా ఉన్న బస్సులో 90 మంది ప్రయాణిస్తుండగా జరిగిన ప్రమాదం మీద 2007లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, బీమా కంపెనీ బాధ్యత అనుమతించిన సంఖ్యకే పరిమితమని తేల్చింది. దయతో ఎక్కించుకున్న ఆ ఒక్కరి వల్ల, ప్రమాదం జరిగిన రోజున, ఫీజు కట్టి కూర్చున్న పిల్లల పరిహారంలోనూ చిక్కులు రావచ్చన్న మాట. ఈ సంగతి ఏ డ్రైవరుకూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సంతకం పెట్టించుకునే కాగితం మీద "అనధికార వ్యక్తులను ఎక్కించరాదు" అని మాత్రం ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే నిబంధన ఒకటుంది. బస్సు ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు కాగితం మీద రాసిచ్చి, రేపట్నుంచి వీళ్లను ఎక్కించవద్దని డ్రైవరుకు చెబుతారు. ఉదయం ఏడున్నరకు పొగాకు బ్యారన్ పక్కన పుస్తకాల సంచీతో నిలబడ్డ పిల్లను చూసి, సీటు ఖాళీగా ఉండగా, ఆపకుండా పోయే మనిషి అరుదు. ఆపి ఎక్కించుకున్నవాడు ఎవరి ప్రాణాన్నీ ప్రమాదంలో పెట్టలేదు, యాజమాన్యానికి రావలసిన డబ్బును వసూలు చేసే బాధ్యత తనది కాదనుకున్నాడు, అంతే. ఇలాంటి ఉల్లంఘనకు ఉద్యోగం తీసేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

మూడో రకం నిబంధన దగ్గర మాత్రం నా మనసు గట్టిపడుతుంది. చివరి స్టాపు దాకా మిగిలిన ఆడపిల్లను, ఆయా లేకుండా, డ్రైవరు ఒక్కడే ఇంటి దాకా దింపడం. తీసుకుపోవడానికి వచ్చింది తెలిసిన ముఖమే కదా అని, రాసిచ్చిన పేరు కాని మనిషికి పిల్లను అప్పగించడం. వీటిని చేసే డ్రైవర్లలో చాలామంది ఆ పిల్లలను సొంత బిడ్డల్లా చూసేవాళ్లే. అయితే మంచివాడి బస్సూ చెడ్డవాడి బస్సూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఆ నిబంధన పుట్టింది. "నేను అలాంటివాణ్ని కాదు" అన్నది దానికి జవాబు కాలేదు, ఎందుకంటే ఆ మాట ఇద్దరూ అంటారు. ఇక్కడ మొదటిసారి గట్టి హెచ్చరిక ఇవ్వాలి, లిఖితంగా హెచ్చరించిన తర్వాత కూడా అదే చేస్తే పని నుంచి తప్పించడంలో తప్పు లేదు.

ఇక తీసేయడం ఎలా అన్నది. ప్రైవేటు బడి డ్రైవరును నోటిమాటతో పంపేయవచ్చని మన దగ్గర చాలామంది నమ్ముతారు, డ్రైవర్లతో సహా. ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982లోని 79వ సెక్షను ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలోని ఉపాధ్యాయులనే కాదు, బోధనేతర సిబ్బందిని కూడా ఆరోపణలు తెలియజేసి, సంజాయిషీకి తగిన అవకాశమిచ్చి, విచారణ జరిపిన తర్వాతే తొలగించాలి. కార్మిక చట్టం వైపు నుంచి చూస్తే, బడి "పరిశ్రమ" అయితేనే పారిశ్రామిక వివాదాల చట్టం రక్షణ దాని ఉద్యోగులకు దక్కేది. అవుతుందా అన్న వాదనలో ఒక కీలకమైన కేసు బస్సు డ్రైవర్లదేనంటే ఆశ్చర్యం కలుగుతుంది. విద్యార్థినుల కోసం నడిపిన బస్సుల డ్రైవర్లను ఢిల్లీ విశ్వవిద్యాలయం తీసేసిన కేసులో, విశ్వవిద్యాలయం పరిశ్రమ కాదని 1963లో సుప్రీంకోర్టు అంది. 1978లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో ఆ అభిప్రాయాన్ని కొట్టివేసి, విద్యాసంస్థలూ పరిశ్రమ పరిధిలోకి వస్తాయని చెప్పింది. 2016లో ఢిల్లీలోని ఒక ప్రైవేటు బడి డ్రైవరు తొలగింపు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, అక్కడి విద్యా చట్టం కోరే ముందస్తు అనుమతి తీసుకోకపోవడం అందుకు ఒక కారణం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాతృత్వ, సామాజిక సేవా సంస్థలు నడిపేవాటిని పరిశ్రమ నిర్వచనం నుంచి మినహాయించింది కాబట్టి, ట్రస్టు పేరుతో నడిచే బడులు ఇకమీదట ఈ వాదన ఎత్తుకుంటాయి. ఫీజులు వసూలు చేసే బడి ఎంతవరకు దాతృత్వ సంస్థ అన్నది అప్పుడు తేల్చవలసిన విషయం.

శిక్ష తప్పుకు తగినంతే ఉండాలన్నది న్యాయస్థానాలు పదేపదే చెప్పిన మాట. తొలగింపు మరీ ఎక్కువనిపిస్తే దాన్ని పక్కనబెట్టి తక్కువ శిక్ష వేసే అధికారాన్ని పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన 1971 సవరణ 11ఏ సెక్షను ద్వారా కార్మిక న్యాయస్థానాలకు ఇచ్చింది, కొత్త కోడ్‌లోనూ ఆ అధికారం ట్రిబ్యునళ్లకు ఉంది. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఒకే తప్పు మీద వచ్చిన రెండు తీర్పులు చాలు, ఆ తప్పు డ్యూటీలో నిద్రపోవడం. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున నిద్రలో దొరికిన కార్మికులను తీసేయడం అన్యాయమైనంత కఠినమని 1998లో సుప్రీంకోర్టు అంది. పట్టపగలు గాఢనిద్రలో దొరికిన మరో కార్మికుణ్ని తీసేయడం సరైనదేనని 2005లో అదే కోర్టు సమర్థించింది, ఎందుకంటే అతని పేరున అంతకుముందే శిక్షలు ఉన్నాయి. నిద్ర ఒకటే, మనిషి గతం వేరు. మా డ్రైవరు విషయంలో గతం చూస్తే కాగితం మీద ఒక్క మచ్చ లేదు. చప్టా సంగతి యాజమాన్యానికి తెలిసి కూడా మెమో ఇవ్వలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. చప్టా దాటిన మర్నాడు అతణ్ని పిలిచి, వాన పడితే బస్సును ఎక్కడ ఆపాలో, ఎవరికి ఫోను చేయాలో, నిర్ణయం ఎవరిదో కాగితం మీద రాసిచ్చి, ఒక హెచ్చరిక నమోదు చేసి ఉంటే, ఫిట్స్ వచ్చిన రోజున అతనికి ఆ ఫోను నంబరు గుర్తొచ్చేది. మెచ్చుకోవడం ద్వారా మేము, ఊరుకోవడం ద్వారా యాజమాన్యం, సొంత తెగువ మీద నడవమని అతనికి నేర్పాం. ఆ తెగువతోనే రెండోసారి నడిచినప్పుడు, ఫోన్లు మోగాయి కాబట్టి, శిక్షించాం. మొదటిదానికి వారం రోజుల సస్పెన్షను, రెండోదానికి మందలింపుతో పాటు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి ఉంటే సరిపోయేదని నా అభిప్రాయం. రెండు కలిపినా ఉద్వాసన దాకా రావు.

అతడు కేసు వేయలేదు. నియామక పత్రం లేదని, ఉన్న ఊళ్లో పెద్దమనుషులతో తగువెందుకని ఊరుకున్నాడు. ఇప్పుడు చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీలో టిప్పరు తోలుతున్నాడు. అతని స్థానంలో వచ్చిన కుర్రాడు నెమ్మదస్తుడు, రూటు దాటడు, స్టాపు కాని చోట ఆపడు. మొన్న ఆగస్టులో ఒక పిల్లాడు వాంతులు చేసుకొని సీట్లో వాలిపోతే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కనుచూపు మేరలో ఉండగానే, బస్సును రోడ్డు పక్కన ఆపి ఆఫీసుకు ఫోను చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. వెనక నుంచి వస్తున్న పాల ఆటో అతను బస్సెక్కి పిల్లాణ్ని చేతుల్లోకి ఎత్తుకొని కిందికి దించేటప్పటికి కూడా, ఈ అబ్బాయి ఫోను చెవి దగ్గర పెట్టుకొనే ఉన్నాడట.